క్లచ్ కిట్టు కంటే ముందు ఒక నోట్‌బుక్ కొనండి

గల్ఫ్ గ్యారేజీల్లో చేసే మనోళ్లు కొందరు కెనడా పర్మిట్ పనిలో ఉన్నారు. స్నోమొబైల్ షాపులో క్లచ్ పని ఎట్లుంటదని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాం. మేము నలుగురం. ఇద్దరిది నిజామాబాద్ వైపు, ఇద్దరిది శ్రీకాకుళం. పని బ్రిటిష్ కొలంబియాలో, రెవెల్‌స్టోక్ దగ్గర.

ముందు భయం తీసేద్దాం. యాక్టివా బెల్టు విప్పి బిగించినోళ్లకు సగం పని వచ్చినట్టే. దుబాయ్ ఇసుకలో తిరిగే బగ్గీల క్లచ్ చేసినోళ్లకు ముప్పావు వచ్చినట్టు. ఇక్కడా అదే సంగతి. ఇంజన్ పక్క ప్రైమరీ, అవతల సెకండరీ, మధ్యలో బెల్టు. ఇంజన్ తిరిగే కొద్దీ ప్రైమరీలో వెయిట్లు బయటికి విసురుకుని పుల్లీ రెండు సగాలను దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. స్ప్రింగు దాన్ని ఆపుతూ ఉంటుంది. సెకండరీలో హెలిక్స్ అనే వాలు ముక్క, ఇంకో స్ప్రింగు ఉంటాయి. కొండ ఎక్కేటప్పుడు ట్రాక్ మీద బరువు పడితే బెల్టును మళ్లీ తక్కువ గేరుకు లాక్కొచ్చేది అవే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. క్లచ్ పవర్ పుట్టించదు. ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర గరిష్ఠ పవర్ ఇస్తుందో, ఫుల్ థ్రాటిల్‌లో దాన్ని అక్కడే నిలబెట్టడం దాని పని. స్కీ-డూ 850 ఈ-టెక్ అయితే అది సుమారు 7,900. బండి బండికీ మారుతుంది, మాన్యువల్లో చూడండి.

ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. సముద్ర మట్టంలో 165 హార్స్‌పవర్ ఉన్న బండి 2,000 మీటర్ల దగ్గర 130 చిల్లరకు వస్తుంది. కింద సరిపోయిన వెయిట్లు పైన బరువైపోతాయి, ఆర్‌పీఎం ఎక్కదు, బండి మూలుగుతుంది. అందుకే వెయిట్లు తగ్గిస్తాం. ఒక్కో వెయిట్‌కు 1 గ్రాము తగ్గిస్తే సుమారు 100 ఆర్‌పీఎం పెరుగుతుందని మా లెక్క. ఫ్యాక్టరీ టర్బో బండి పైన కూడా పవర్ నిలుపుకుంటుంది కాబట్టి దానికి ఈ లెక్క పెట్టకండి.

ఇప్పుడు కిట్టు సంగతి. డాల్టన్, ఎస్‌ఎల్‌పీ, స్పీడ్‌వర్క్స్ లాంటి కంపెనీలు వెయిట్లు, స్ప్రింగులు, హెలిక్స్ కలిపి అమ్ముతాయి. మంచి సరుకే. అయితే ఏ కిట్టు ఏ ఎత్తుకో, ఏ ట్రాక్ పొడవుకో చూసుకోవాలి. 146 అంగుళాల ట్రాక్‌కు కుదిరింది 165కు, దాని 3 అంగుళాల పళ్లకు కుదరకపోవచ్చు. ఒక కస్టమర్ మైదానాల కోసం చేసిన కిట్టు తెచ్చి బిగించమన్నాడు. బిగించాం. కొండ మీద 7,400 దాటలేదు. వెయిట్లు మార్చాకే దారికొచ్చింది.

మేము చేసే వరుస ఇది. కొత్త పార్టు ముట్టుకునే ముందు పాతవి చూస్తాం: బెల్టు అరుగుదల, రోలర్లు, బుష్‌లు, రెండు పుల్లీల మధ్య దూరం, వరస. చాలా బండ్లకు ఇక్కడే జబ్బు తెలిసిపోతుంది, కిట్టు ఖర్చు మిగులుతుంది. తర్వాత కొండ మీద ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం రాసుకుంటాం. ఎక్కువుంటే వెయిట్ పెంచుతాం, తక్కువుంటే తగ్గిస్తాం. చెట్ల మధ్య థ్రాటిల్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు బండి వెంటనే అందుకోకపోతే హెలిక్స్ కోణం తగ్గించడమో, సెకండరీ స్ప్రింగు గట్టిది వేయడమో చేస్తాం. స్ప్రింగు మరీ గట్టిదైతే బెల్టు కాలుతుంది. అందుకని రన్ అయ్యాక ఇంజన్ ఆపి వేడి చూస్తాం. ఏ పుల్లీ ఎక్కువ కాలుతుంటే బెల్టు దాదాపు అక్కడే జారుతున్నట్టు. ఒకసారికి ఒక్కటే మార్పు. రెండు కలిపి మారిస్తే బాగుపడినా దేనివల్లో తెలియదు.

ప్రైమరీ కవర్ కింద స్ప్రింగు బిగుతుగా ఉంటుంది. బోల్టులన్నీ కొంచెం కొంచెంగా, సమానంగా వదలండి. బెల్టు లేకుండా ఇంజన్ రేస్ చేయొద్దు, గార్డు తీసి నడపొద్దు. వేళ్లు పోతే ఇంటికి డబ్బు పంపేది ఎవరు?

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ బండి వెళ్లేది హిమపాతాలు జారే వాలు మీదికి. అవలాంచ్ కెనడా హెచ్చరిక చూసి బయలుదేరినా, సగం వాలులో బెల్టు తెగితే అక్కడ మనిషి ఇరుక్కుపోతాడు. వాడి వెనక వచ్చేవాళ్లూ ప్రమాదంలో పడతారు.

మాలో ఎవరికీ రెడ్ సీల్ లేదు. మొదటి చలికాలం మాకిచ్చింది బండ్లు కడిగే పని, మంచు తోసే పని. క్లచ్ బల్ల దగ్గరికి మమ్మల్ని తెచ్చింది పది డాలర్లు కూడా కాని నోట్‌బుక్. తేదీ, ఎత్తు, చలి, మంచు తీరు, వెయిట్ గ్రాములు, స్ప్రింగు, హెలిక్స్, ఆర్‌పీఎం, బెల్టు వేడి. రోజూ రాశాం, తెలుగులోనే. ఫలానా కొండకు ఫలానా బండికి ఏం కుదురుతుందని ఎవరైనా అడిగితే పేజీ తిప్పి చెప్పగలుగుతున్నాం. ఇప్పుడు కస్టమర్లు షాపుకు ఫోన్ చేసి "ఆ పుస్తకం వాళ్లు ఉన్నారా?" అని అడుగుతున్నారు. మా పేర్లు వాళ్లకు ఇంకా నోరు తిరగవు. అయినా పర్లేదు, బండి మా చేతికే ఇస్తున్నారు.

గల్ఫ్‌లో ఉన్నోళ్లు అక్కడి బగ్గీలతోనే ఇవాళే రాయడం మొదలుపెట్టండి. ఇసుక అయినా మంచు అయినా లెక్క ఒక్కటే. వచ్చేటప్పుడు ఆ పుస్తకం సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకుని రండి.