రేఖా సమాకలనము – త్రోవ లెక్క

పై చదువులకు వెళ్లిన మన పూర్వ విద్యార్థులు సెలవులలో మమ్ము చూడవచ్చినప్పుడు తరచుగా ఒక మొర పెట్టుకొనుచుందురు: "అయ్యా, సమాకలనము వరకు బాగుగనే యున్నది, రేఖా సమాకలనము దగ్గరకు వచ్చునప్పటికి ఏమియు తోచుట లేదు." వారు లెక్క చేయగలరు, చేసినదేమో చెప్పలేరు. ఈ యొక్క పాఠమునకు వెరచి గణితమునే విడిచిపెట్టుదుమనువారిని గూడ మేమెరుగుదుము. అందుచేత, తలిదండ్రులకు సయితము కొంత బోధపడునట్లుగా, ఆ సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

సాధారణ సమాకలనమున మనము తిన్నని అక్షముపై నడతుము. దానిని సన్నని తునుకలుగా కోసి, ఒక్కొక్క తునుకపై నున్న విలువను ఆ తునుక పొడవుతో గుణించి, అన్నిటిని కూడుదుము. రేఖా సమాకలనమునను చేయునది ఇదియే. భేదమెల్ల త్రోవయందే యున్నది. అక్షమునకు బదులు ఏ వంకరదారియైనను కావచ్చును.

20 కిలోగ్రాముల బియ్యపు మూటను 100 మీటర్ల యెత్తుగల గుట్టపైకి చేర్పవలెననుకొందము. నిట్రమైన మెట్లపై నెక్కినను, చుట్టుదారిని పోయినను, భూమ్యాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని సుమారు 19,600 జౌళ్లే. మోయువాని కాళ్లు ఈ మాట నొప్పుకొనవనుకొనుడు! అయినను ఆకర్షణబలము ఎక్కిన యెత్తునే గాని నడచిన దారిని గణింపదు. అన్ని బలములును ఇట్టివి కావు. ఆ మూటను నేలపై నీడ్చుకొని పోయినచో రాపిడి యడుగడుగునకును సుంకము గొనును. దూరమెక్కువైనకొలది సుంకమును ఎక్కువ.

ఇక లెక్క చేయు విధము. త్రోవపై ఒక చీమ నడచుచున్నదని యూహింపుడు. ఎక్సు, వై రెండును కాలమును బట్టి మారును. కనుక రెంటిని కాలముతో వ్రాసినచో మిగులునది మనమెరిగిన సాధారణ సమాకలనమే. చీమ మూలబిందువు నుండి (1, 1) అను బిందువునకు పోవుచున్నది. అడుగడుగునను వై విలువను ఎక్సు యొక్క సూక్ష్మవృద్ధితో గుణించి కూడుదము. తిన్నగా పోయినచో మొత్తము 1/2. వై ఎక్సు వర్గమునకు సమానమగు వక్రముపై పోయినచో 1/3. ముందు అడ్డముగా, పిదప నిలువుగా పోయినచో సున్న. ఇది చూచి విద్యార్థి తన లెక్క తప్పెనని కాగితమును కొట్టివేయును. లెక్క తప్పలేదు, ఇచ్చట త్రోవయే విలువను నిర్ణయించును. దీనికి ఎక్సును వై వృద్ధితో గుణించిన మొత్తమును గూడ చేర్చి చూడుడు: మూడు దారులను 1 యే వచ్చును. ఏలయన ఆ రెండును కలిసి ఎక్సు, వైల గుణకారఫలము పొందిన మార్పగును. దానికి త్రోవతో పనిలేదు.

బయలుదేరిన చోటికే మరల వచ్చినచో? త్రోవతో పనిలేని లెక్కకు సున్న వచ్చును. తక్కినవాని యందు మిగిలినది లోపలి ప్రదేశమును గూర్చి చెప్పును. దీనికి గ్రీను సిద్ధాంతమని పేరు. జార్జి గ్రీను ఇంగ్లండులోని నాటింగుహాము చెంత పిండిమర నడిపినవాడు. చిన్ననాట బడిలో చదివినది సుమారొక యేడాదియే. 1828లో తన గొప్ప వ్యాసమును చందాదారుల సాయముతో అచ్చువేయించెను. పండితులు దానిని గుర్తింపకమునుపే, 1841లో ఆయన మరణించెను. 1845లో విలియము థామ్సను దానిని చదివి లోకమునకు చాటెను. నేడు పాఠ్యగ్రంథములలో ఆయన పేర నున్న రూపము మాత్రము ఆ వ్యాసమున అట్లే కానరాదు. దానిని 1846లో ఫ్రాన్సు దేశపు కోషీ ప్రకటించెను.

పొలముపై దీనిని పరీక్షింపవచ్చును. మూలలు మీటర్లలో (0, 0), (40, 0), (50, 30), (10, 40) అనుకొందము. గట్టు వెంట నడచుచు, ఎక్సు గుణించిన వై వృద్ధి నుండి వై గుణించిన ఎక్సు వృద్ధిని తీసివేసి, చుట్టంతయు కూడి సగము చేసినచో వైశాల్యము వచ్చును. గట్టు తిన్ననిదైనచో పని మరియు సులభము: మొదటి మూల ఎక్సును రెండవ మూల వైతో గుణించి, అందుండి రెండవ మూల ఎక్సును మొదటి మూల వైతో గుణించినది తీసివేసిన చాలును. నాలుగు గట్లకును వరుసగా 0, 1200, 1700, 0 వచ్చును. మొత్తము 2900, సగము 1450 చదరపు మీటర్లు, అనగా సుమారు 36 సెంట్లు. పైరులో నడుగు పెట్టవలసిన పనిలేదు. గడియారపు ముల్లు తిరుగు దిక్కున నడచినవారికి ఋణసంఖ్య వచ్చును. గుర్తును తీసివేసినచో అదియే వైశాల్యము.