అటక మీద నల్లమరకలు

న్యూజెర్సీలో జనవరి గ్యాస్ బిల్లు ఇళ్లకు చేరిందంటే మా ఫోను మోగుతూనే ఉంటుంది. "కిటికీలన్నీ మార్పించేద్దామనుకుంటున్నామండీ, ఎంత మిగులుతుంది?" అని అడుగుతారు మనవాళ్లు. కిటికీలంటే అందరికీ అనుమానమే. ఎదురుగా కనబడతాయి, చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతాయి, పైగా వాటిని అమ్మేవాళ్లు తలుపు తట్టి మరీ వస్తారు. ఇళ్లకు ఎనర్జీ ఆడిట్ చేయడం నా పని. నేనిచ్చే జాబితాలో కిటికీలు దాదాపు ఎప్పుడూ అట్టడుగునే ఉంటాయి. డబ్బు ఎక్కువ పట్టేదీ, తిరిగి ఆలస్యంగా వచ్చేదీ అక్కడే.

వీధి తలుపు తెరిచి, ఆ ఖాళీలో గుడ్డ బిగించిన చట్రం నిలబెట్టి, దానికో పెద్ద ఫ్యాను తగిలిస్తాను. పేరు బ్లోయర్ డోర్. అది ఇంట్లోని గాలిని బయటికి తోడుతుంటే లోపలి పీడనం బయటికన్నా 50 పాస్కల్స్ తగ్గుతుంది. గంటకు 20 మైళ్ల వేగంతో గాలి ఇంటిని అన్ని వైపులనుంచీ ఒకేసారి కొట్టినట్టు లెక్క. ఇక ఎక్కడెక్కడ సందుందో అక్కడల్లా చలిగాలి లోపలికి దూకుతుంది: స్విచ్‌బోర్డుల్లోంచి, సింకు కింద పైపుల పక్కనుంచి, సీలింగ్ లైట్ల చుట్టూ. దాన్ని పట్టుకోవడానికి కంపెనీలు పొగ పెన్సిళ్లు అమ్ముతాయి. నాకు అగరుబత్తి చాలు. తెలుగువారింట్లో అడగడమే ఆలస్యం.

చిక్కల్లా దీపంతోనే. ఫ్యాను వేసేముందు ఇంట్లో ఎక్కడా మంట ఉండకూడదు. ఫర్నేసు, గ్యాసు వాటర్ హీటరు ఆపాలి. ఫైర్‌ప్లేసులో బూడిద ఉంటే ఎత్తేయాలి, లేకపోతే అదంతా తివాచీ మీదికి వస్తుంది. మనవాళ్లు కోట్లు తగిలించుకునే అలమరను దేవుడి గది చేసుకుంటారు కదా, అందులో కుందిలో వత్తి వెలుగుతుంటుంది. ఆర్పేయమని ఏ నోటితో అనను? "దీపం కొండెక్కాక మొదలుపెడదామమ్మా, ఈలోపు అటక చూసొస్తా" అంటాను. గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చిన పెద్దావిడ శాలువా సర్దుకుంటూ, "అలాగే నాయనా. పాదాలు జివ్వుమంటున్నాయి. ఆ హీటింగు మీట 68 మీదనుంచి కదపనివ్వడు మావాడు, నువ్వైనా చెప్పు" అంటుంది. కొడుకు ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తడు.

అటక మీద గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ పరిచి ఉంటుంది. అక్కడక్కడా నల్లమరకలు. బూజు పట్టిందని చాలామంది కంగారుపడతారు. చాలాసార్లు అది ఉత్త దుమ్ము. ఫైబర్‌గ్లాస్ వేడిని అడ్డుకుంటుంది గానీ గాలిని అడ్డుకోలేదు, వడకడుతుందంతే. ఏళ్ల తరబడి ఇంట్లోని వెచ్చని గాలి పైకి పోతూ మురికిని అక్కడ వదిలి వెళ్లింది. మరక ఉన్నచోట ఆ పరుపు ఎత్తితే కింద సందు దొరుకుతుంది. పొగగొట్టం చుట్టూ వదిలేసిన ఖాళీయో, వైరు కోసం తొలిచి పూడ్చని కన్నమో అయి ఉంటుంది. పైనుంచి పోయిన గాలి లోటు తీర్చడానికి బేస్‌మెంట్ అంచుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది. పెద్దావిడ పాదాలు చల్లబడటానికి కారణం ఆవిడ నెత్తిమీదుంది.

ఈ గుట్టు బయటపడింది మా పక్కనే, ఈస్ట్ విండ్సర్‌లోని ట్విన్ రివర్స్ కాలనీలో. 1970లలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాబర్ట్ సోకొలో నాయకత్వంలో అక్కడి వరస ఇళ్లలో మీటర్లు బిగించి కొన్నేళ్లు గమనించారు. అటకలోంచి పోయే వేడి పుస్తకాల లెక్కకన్నా చాలా ఎక్కువ తేలింది. ఆ బృందంలోని యాన్ బేయా, గౌతమ్ దత్ కారణం తవ్వితే, ఇన్సులేషన్‌ను తప్పించుకుని అటకలోకి చేరే దొంగదారులు ఇంటి నిర్మాణంలోనే దొరికాయి. ఇవాళ మేం అటక ఎక్కగానే వెతికేది వాటినే.

అలాగని కనబడ్డ సందునల్లా మూసేసే ఉత్సాహవంతులంటే నాకు భయం. పోపు ఘాటుకు వంటింటి ఫ్యాను ఫుల్లుగా తిప్పే ఇళ్లు మనవి. ఆ ఫ్యాను నిజంగా గాలిని బయటికి పంపేదైతే, బిగుతైన ఇంట్లో అది వాటర్ హీటర్ పొగను గొట్టంలోంచి వెనక్కి లాగగలదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి వాసన ఉండదు. అందుకే తలుపులు మూసి, ఫ్యాన్లూ డ్రయ్యరూ వేసి, హీటర్ వెలిగించి, దాని గొట్టం మొదట్లో అగరుబత్తి పెట్టి చూస్తాను. పొగ పైకి పోతే సరే. గదిలోకి తిరిగొస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని బాగుచేయించమంటాను. బిల్లు సంగతి తర్వాత.

చివరికి రిపోర్టు రాస్తాను: ముందు అటకలో సందులు, పొగగొట్టం దగ్గర మాత్రం రేకూ వేడిని తట్టుకునే సీలెంటూ, ఆపైన వేడిని అడ్డుకునే కొలతలో ఆర్-49 వచ్చేంత మందాన ఇన్సులేషన్. ఇంతవరకూ ఇల్లు చెప్పింది. ట్విన్ రివర్స్‌లో తేలింది ఇంకోటుంది. ఒకే నమూనాలో కట్టిన ఇళ్లలోనూ ఒకరు కాల్చిన గ్యాసుకు మరొకరు రెట్టింపు కాల్చారు. కాపురమున్నవాళ్లు మారితే వాడకమూ మారింది. నా ఫారంలో గోడకూ పైకప్పుకూ గళ్లున్నాయి గానీ, తల్లీకొడుకుల మధ్య ఆ మీటకు గడి లేదు. ఉంటే 70 అని రాసి, ఇద్దరిచేతా సంతకం పెట్టించేవాణ్ని.