మాస్క్ రోడ్డులో ఎక్కడ తినాలి?

కుందుర్పి నుండి బెంగళూరు బయలుదేరే కుటుంబాలు మమ్మల్ని తరచుగా రెండు విషయాలు అడుగుతాయి. ప్రయాణంలో నమాజును ఎలా కుదించుకోవాలన్నది మొదటిది. అక్కడ నిశ్చింతగా ఎక్కడ తినవచ్చన్నది రెండవది. మొదటిదానికి జవాబు చెప్పడం మా వృత్తి. రెండవదానికి ఇన్నేళ్ళుగా వినికిడి మీదనే జవాబిస్తూ వచ్చాము. గత శీతాకాలంలో మా శ్రీమతి కంటి చికిత్స నిమిత్తం మూడు రోజులు ఆ నగరంలో ఉండవలసి వచ్చింది. అప్పుడు కంటితో చూసినదీ, నోటితో రుచి చూసినదీ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మాది అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. ఊరికి ఆనవాలు కొండమీది పాత దుర్గం. దాని క్రింద చెనక్కాయ చేలు, ఎండిన చెరువులు, నీటికోసం ఒకదాని ప్రక్కన ఒకటి తవ్విన బోర్లు. జిల్లా సగటు వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు పడదు, పడవలసిన చోట పడదు. అందుచేత మా పిల్లలకు బెంగళూరు విహారస్థలం కాదు. వాన మొహం చాటేసిన ఏడు బస్సెక్కి వెళ్ళే ఊరు అది.

మేము బయలుదేరిన ఉదయం ఒక తల్లి బస్టాండుకు వచ్చింది. ఆమె కుమారుడు మా మదరసాలో చదివినవాడు. పద్నాలుగు పారాలు కంఠస్థం చేసి, మూడవ బోరు కూడా ఎండిపోయి తండ్రి అప్పుల్లో మునిగినప్పుడు, చదువు మానుకొని వెళ్ళిపోయాడు. ఆమె మా చేతికి ఒక గుడ్డసంచి ఇచ్చింది. అందులో రాగిపిండి, చెనక్కాయల పొడి ఉన్నాయి.

“హజ్రత్, వాడు ఫోన్ చేసినప్పుడల్లా బాగా తింటాండానమ్మా అంటాడు. యాడ తింటాండాడో, ఏం తింటాండాడో మీరు కంటితో చూసి రండి” అన్నది.

పావగడ, మధుగిరిల మీదుగా సాగిన ఆ ప్రయాణమంతా ఆ సంచి మా ఒడిలోనే ఉంది.

మజిలీకి బంధువులు ఫ్రేజర్ టౌన్‌లో ఏర్పాటు చేశారు. 1898లో బెంగళూరును ప్లేగు వ్యాధి కకావికలు చేసిన తరువాత, ఇరుకు పేటల నుండి జనాన్ని గాలీ వెలుతురూ ఉన్న చోటికి తరలించాలని ఏర్పరచిన విస్తరణలలో ఇదొకటి. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరుకు గురువుగా ఉండిన స్టువర్ట్ ఫ్రేజర్ పేరు దీనికి పెట్టారు. ఇప్పటి అధికారిక నామం పులకేశినగర. అయినా ఆటో నడిపేవారు నేటికీ పాత పేరే పలుకుతారు. చెట్ల నీడలు, పాత బంగళాలు, కొత్త బట్టల దుకాణాలు, అద్దాల కాఫీ అంగళ్ళు, సమీపంలో కోల్స్ పార్కు, చర్చీలు, మస్జిదులు. నగరంలో సొగసైన పేట అనదగినదే.

ఆ పేట మధ్యగా వెళ్ళేదే మాస్క్ రోడ్డు, అనగా మస్జిదు వీధి. హాజీ సర్ ఇస్మాయిల్ సేఠ్ మస్జిదు వలన ఆ పేరు వచ్చింది. ఆయన కచ్ఛీ మేమన్ వర్తకుడు. శివాజీనగర్‌లోని ఘోషా ఆసుపత్రి కూడా ఆయన పేరునే మోస్తున్నది. పర్దా పాటించే స్త్రీలు సంకోచం లేకుండా వైద్యం పొందాలని కట్టించిన ఆసుపత్రి అది. సంపద కలిగినవాడు ఊరికి ఏమి విడిచి వెళ్ళాలో ఆ రెండు కట్టడాలు చూస్తే తెలుస్తుంది.

మేము అస్ర్ నమాజు ఆ మస్జిదులోనే చేసి వీధిలోకి వచ్చాము. మొదట చూడదగినది ఆల్బర్ట్ బేకరీ. 1902 నాటిది. మధ్యాహ్నం దాటితే గానీ అక్కడ సందడి మొదలు కాదు. మొదలైతే మాత్రం వరుసలో నిలబడక తప్పదు. ఖోవా నాన్ వారి ప్రత్యేకత. పొరలు పొరలుగా విడివడే రొట్టె, మధ్యలో తీపి కోవా. వేడిగా ఉన్నప్పుడే తినాలి. మాంసపు సమోసాలు, పఫ్‌లు కూడా క్షణాల్లో అయిపోతాయి. మా శ్రీమతి ఒక నాన్‌ను సగం తిని, మిగిలిన సగం మనుమరాలికని కాగితంలో చుట్టింది. మూడు రోజుల తరువాత దానికి రుచి ఉండదని మేము చెప్పినా వినలేదు.

అక్కడి నుండి నడిస్తే ఇరువైపులా కబాబు దుకాణాలు, బిరియానీ హోటళ్ళు, మలబారు పరోటా పెనాలు, సులైమానీ చాయ్ అంగళ్ళు. కేరళ ముస్లిముల పరోటా, హైదరాబాదు వారి హలీము, తమిళ దేశపు బిరియానీ, మా దక్కనీ కబాబు అన్నీ ఒకే వీధిలో ఇరుగుపొరుగులై ఉన్నాయి. రమజాన్ నెలలో ఈ వీధి వేరుగా ఉంటుంది. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి గంటలకొద్దీ ఉడికించి మెదిపిన హలీము కాగులు బయటికి వస్తాయి. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పాఠకులకు తెలిసినదే. పత్థర్ కా గోష్త్ చూడవలసిన వంటకం. రాతి పలకను నిప్పుల మీద కాల్చి, మసాలాలో నానిన పలుచని మాంసపు ముక్కలను దానిపై పరుస్తారు. ఆ రాయి మా కొండరాయి వంటిదే. మా ఊరిలో అదే రాయి ఎండకు కాలుతుంది, దానిమీద పరచడానికి ఏమీ ఉండదు.

అయితే ఒక మాట చెప్పి తీరాలి. రమజాన్ రాత్రుల ఆ రద్దీ, చెత్త, వాహనాల మోత ఆ పేటలో నివసించే వారికి దుర్భరమయ్యాయి. 2023లో నివాసుల అభ్యంతరాల వలన వీధి బళ్ళ సందడికి అడ్డుకట్ట పడింది. కొందరు దీనిని మనపై కక్షగా చెప్పుకున్నారు. మాకు అలా తోచలేదు. వృద్ధులు, రోగులు, పరీక్షలకు చదివే పిల్లలు ఆ ఇళ్ళలో ఉన్నారు. వారిలో మనవారూ ఉన్నారు. పొరుగువాని హక్కు గురించి ఏటా పాఠం చెప్పే మేము, పొరుగువాని గుమ్మం ముందు ఎముకలు పారవేసి పుణ్యమాసం గడిపామని ఎలా చెప్పుకోగలం?

మగ్రిబ్ తరువాత, తల్లి ఇచ్చిన చిరునామా పట్టుకొని ప్రక్క సందులోని ఒక హోటలు చేరాము. పేరు చెప్పవలసిన పని లేదు, అటువంటివి ఆ చుట్టుప్రక్కల చాలా ఉన్నాయి. వాకిట్లోనే పెద్ద పెనం. దాని వెనుక చెమటతో తడిసిన చొక్కాతో ఒక యువకుడు పిండిముద్దను గాలిలో విసరి, చీరకుచ్చిళ్ళ వలె మడిచి, చుట్టచుట్టి పెనం మీద వేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు ఆపాడు. “హజ్రత్!” అన్నాడు. వెనుక మా శ్రీమతిని చూసి, “ఖాలా, మీరూ వచ్చినారా!” అన్నాడు. మరుక్షణం పెనం మీది పరోటా మాడుతున్నదని ఎవరో కేక వేస్తే మళ్ళీ పనిలో పడ్డాడు.

మాకు కుటుంబాలు కూర్చునే చోట బల్ల చూపారు. పరోటా, కోడి కూర, చివర సులైమానీ. పరోటా పొర వెంట పొర విడివడి, మెత్తగా, లోపల వెన్నవలె ఉంది. ఈ చేతులకే మేము అలిఫ్ వ్రాయడం నేర్పాము. వాడు వెళ్ళిపోయిననాడు మేము తరగతిలో ఏమన్నామో ఆ ముద్ద నోట పెట్టుకున్నప్పుడు గుర్తుకు వచ్చింది. దీన్ విడిచి దునియా వెంట పోయాడని అన్నాము. తండ్రి అప్పు తీర్చడానికి వెళ్ళిన పదహారేళ్ళ పిల్లవాని గురించి అన్న మాట అది. పిల్లలు విన్నారు. ఆ ఇంటికి కూడా చేరి ఉంటుంది. అయినా ఆ తల్లి మా చేతికే సంచి ఇచ్చింది.

డబ్బు చెల్లించబోతే యజమాని తీసుకోలేదు, పిల్లవాడు తన లెక్కలో వ్రాయించుకున్నాడట. బలవంతం మీద చెల్లించి, నీవు ఎప్పుడు తింటావని అడిగాము. నవ్వి ఊరుకున్నాడు. మరునాడు తన గదికి రమ్మన్నాడు, కానీ మాకు ఆసుపత్రి ఉంది. మూడవనాటి ఉదయం కుదిరింది.

మధ్యలో ఒక ఉదయం గురించి చెప్పాలి. మా శ్రీమతికి వరుసగా మాంసాహారం పడదు. అందుచేత లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కు వెళ్ళాము. జనం ఎం.టి.ఆర్. అని పిలిచే ఆ హోటలు 1924 నుండి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కొరత ఏర్పడినప్పుడు గోధుమ రవ్వతో ఇడ్లీ చేసి చూశారనీ, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందనీ వారు చెబుతారు. లేమి నుండి పుట్టిన వంటను నేడు శ్రీమంతులు వరుసలో నిలబడి తింటున్నారు. ధాత కరువు నుండి నేటివరకు మా సీమ కూడా లేమిలోనే వండుకున్నది. రాగి సంగటి, ఊరిబిండి మా రవ్వ ఇడ్లీలు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించారు. ఆ తరువాత నగరపు హోటళ్ళలో రాగి ముద్దకు కొత్త గౌరవం వచ్చినట్లు కనిపించింది.

మూడవనాడు పిల్లవాని గదికి వెళ్ళాము. హోటలు పైన రేకుల కప్పు క్రింద ఆరుగురు ఉంటారు. ఇద్దరు బీహారు వారు, ఒకడు అస్సామువాడు, మిగిలినవారు మా సీమవారే. చాపలు చుట్టి గోడవార పెట్టారు. గది శుభ్రంగా ఉంది. అప్పుడు గానీ సంగతి తెలియలేదు. సాయంత్రం నాలుగింటికి పెనం ముందు నిలబడితే రాత్రి పన్నెండున్నరకు దిగుతాడు. పెనం కడిగి, బల్లలు తుడిచి, ఒంటిగంటకు అన్నం. ఆ రోజు మిగిలిన కూర ఏదో, ముక్కలైపోయి అమ్మకానికి పనికిరాని పరోటా ఏదో. చివరి బల్ల మీదివారు లేవకపోతే ఇంకా ఆలస్యం.

“హజ్రత్, అమ్మకు ఇదంతా చెప్పాకండి. వేళకు తింటాండాడని చెప్పండి, చాలు” అన్నాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అబద్ధం ఆడవద్దని వానికి నేర్పినది మేమే.

అంతలో మా శ్రీమతి సంచి విప్పింది. పిల్లలు ఎసరు పెట్టారు. ఆమె చెబుతూ ఉంటే వాడు తెడ్డుతో కలియబెట్టాడు. రాగి వాసన ఆ రేకుల గదిని నింపింది. అస్సాము పిల్లవాడు సంగటి ముద్దను చూసి మొదట నవ్వాడు, తరువాత రెండవసారి అడిగి పెట్టించుకున్నాడు. అందరమూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చొని చెనక్కాయల పొడితో తిన్నాము. బెంగళూరులో మూడు రోజులు తిన్నదానిలో ఏది గొప్పదని ఇప్పుడెవరైనా అడిగితే మాకు ఆలోచించవలసిన అవసరం లేదు.

భోజనానంతరం, అప్పట్లో తరగతిలో నిన్ను గురించి తప్పుగా మాట్లాడామని వానితో చెప్పాము. వాడు తల వంచుకొన్నాడు. పద్నాలుగు పారాలలో నాలుగు మరచిపోయానని మాత్రం అన్నాడు. ఉదయం పదింటికి పని ఉండదు కనుక ఫోనులో వినిపించమన్నాము. ఇప్పుడు వారానికి రెండు రోజులు వినిపిస్తున్నాడు. కొన్నిసార్లు నిద్ర వలన మానేస్తాడు. మేము మందలించడం లేదు.

ఊరికి వచ్చాక ఆ తల్లికి చూసినది చూసినట్లే చెప్పాము. ఒంటిగంటకు తింటాడని కూడా చెప్పాము. ఆమె కాసేపు పలకలేదు. తరువాత, “కూచొని తింటాడా హజ్రత్, నిలబడి తింటాడా?” అని అడిగింది. కూర్చొనే తింటాడనీ, ఆరుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటారనీ చెప్పాము. కొంగుతో కళ్ళు తుడుచుకొని, “అయితే పిండి ఇంకొంచెం ఎక్కువ పంపాల” అన్నది.

కనుక బెంగళూరు వెళ్ళే కుటుంబాలకు మా జవాబు ఇది. మాస్క్ రోడ్డుకు అస్ర్ తరువాత వెళ్ళండి, రద్దీ తక్కువ, వంట తాజా. హలాల్ గురించి సందేహముంటే నిస్సంకోచంగా అడగండి, మర్యాదగా అడిగితే మర్యాదగానే చెబుతారు. తినగలిగినంతే వడ్డించుకోండి. వడ్డించే పిల్లవానికి సలాం చెప్పి, అది ఏ ఊరో అడగండి, మన ఊరే కావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి పొద్దుపోయేవరకు బల్ల దగ్గర కబుర్లతో కూర్చోకండి. మీరు లేచిన తరువాతనే పెనం వెనుక ఉన్నవాడు తన ముద్ద నోట పెట్టుకుంటాడు.