అట్టకూ ఈనె ఉంటుంది

కార్డ్‌స్టాక్ అన్న మాట నిజామాబాద్ గాంధీచౌక్ దగ్గరి స్టేషనరీ దుకాణాల్లో చెల్లదు. "ఏం కార్డు మేడం, పెండ్లిదా, విజిటింగా?" అని అడుగుతారు. ఐవరీ షీటు అంటే ఒకటి తీసిస్తారు, చార్టు అంటే మరొకటి. డబ్బాల అట్ట అంటే వెనక బూడిదరంగున్న డూప్లెక్స్ బోర్డు చూపిస్తారు. పేరు ఏదైనా మనం అడగాల్సింది జీఎస్ఎం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. జిరాక్స్ కాగితం డెబ్బై ఎనభై ఉంటుంది. నిలబడే గ్రీటింగు కార్డుకైనా చిన్న కానుక డబ్బాకైనా రెండువందల యాభై నుంచి మూడువందలు కావాలి. అంతకన్నా పలచనిది వంగిపోతుంది, మరీ దళసరిది మడత దగ్గర మొండికేస్తుంది.

ఒక ప్రభుత్వ పాఠశాలలో వర్క్ ఎడ్యుకేషన్ పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ ఈ లెక్కలు నేర్చుకున్నాను. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటి పిల్లలున్న బడికి చిత్రకళ, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైం బోధకులుండాలంది. ఆ 'పార్ట్‌టైం' అన్న మాటలోనే మా పనికి సమాజం కట్టిన విలువ ఉంది. లెక్కల సారు సిలబస్ పూర్తి కాకపోతే తీసుకునేది నా పీరియడే. "ఆ కాయితాల పనేగా, రేపు చేసుకోండి" అనేవారు నవ్వుతూ. మంచి మనిషే. ఆయనకు ఒకసారి సుందరరావు పుస్తకం గురించి చెప్పాను. తండలం సుందరరావు 1893లో మద్రాసులో 'జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్' అనే పుస్తకం అచ్చువేశారు. కిండర్‌గార్టెన్ పిల్లలు మడతపెట్టే కాగితాలతోనే జ్యామితి అంతా చేసి చూపించారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించాక అది అమెరికాలోనూ వెలువడింది. అదే మడత మగవాడి చేతిలో గణితమైంది, మా ఏడో తరగతి ఆడపిల్లల చేతిలో కాలక్షేపమైంది. సారు పుస్తకం పేరు రాసుకున్నారు. పీరియడ్లు మాత్రం తీసుకుంటూనే ఉన్నారు.

అసలు చెప్పదలచుకున్నది బడి గురించి కాదు.

నిజామాబాద్ నుంచి బోధన్ బస్సెక్కితే జానకంపేట, ఎడపల్లి మీదుగా పోతుంది. ఒకప్పుడు ఆ దారంతా చెరుకు బండ్లే. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. 2002లో అందులో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో గానుగ ఆగింది. చెరుకు పోయిన చేలల్లోకి వరి, సోయా వచ్చాయి. ఆడవాళ్ళకు మాత్రం చెరుకు ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. ఇక్కడ బీడీ చుట్టని ఇల్లు వెతకాలి. మా అమ్మా చుట్టింది. ఈ మధ్య కంపెనీలు నెలలో సగం రోజులు కూడా పని ఇవ్వడం లేదని ఎడపల్లి దగ్గరి ఒక ఊరి నుంచి ఏడుగురు ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కానుక డబ్బాలు, పసుపు కుంకుమ పొట్లాల పెట్టెలు చేయడం నేర్పమన్నారు. నిజామాబాద్‌లో ఒక దుకాణదారుడు కొంటానన్నాడట.

మొదటి రోజు వాళ్ళకు గ్రెయిన్ గురించి చెప్పాలని సిద్ధపడి వెళ్ళాను. మరలో జాలీ మీద గుజ్జు పరుచుకుంటూ కదిలేటప్పుడు నార ఎక్కువ భాగం మర నడిచే దిక్కుకే సర్దుకుంటుంది. ఆ దిక్కు వెంట అట్ట తేలిగ్గా మడతపడుతుంది. అడ్డంగా మడిస్తే మడతమీద పలుగుతుంది, రంగు అట్టయితే లోపలి తెల్లదనం గీతలా బయటపడుతుంది. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగితే అటు గ్రెయిన్. అనుమానమైతే చిన్న ముక్కకు ఒకవైపు తడి అద్దాలి, అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు.

ఇదంతా చెప్పే అవసరం రాలేదు. ఏడుగురిలో పెద్దామె, అరవై దగ్గర పడి ఉంటుంది, షీటును రెండు చేతుల్లోకి తీసుకుని ఇటొకసారి అటొకసారి వంచింది.

"గిట్ల మలిస్తె పలుగుతది టీచరమ్మా. ఆకుకు ఈనె ఉన్నట్టు దీనికి గూడ ఉన్నది."

"ఎట్ల తెలిసింది పెద్దమ్మా?"

"యాభై ఏండ్ల సంది ఆకు కత్తిరిస్తలేనా? ఈనె చూడకుంట కోస్తే బీడీ నిలుస్తదా?"

ఆ మాటతో నా పాఠం సగం అయిపోయింది. మిగిలింది క్రీజు కొట్టడం. సిరా అయిపోయిన బాల్‌పెన్నూ స్టీలు స్కేలూ చాలు. గీత వెంట గట్టిగా నొక్కి లాగితే అట్ట వెనకవైపు చిన్న కట్టలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మడత లోపలికి ఉండాలి. చాలామంది గాడి లోపలికి ఉంచి మడుస్తారు, అప్పుడు బయటి పొర సాగి చిట్లుతుంది. పెట్టెకు మడతలు రెండు దిక్కులా పడతాయి కాబట్టి గ్రెయిన్‌కు అడ్డంగా వచ్చేవాటిని ఇంకొంచెం లోతుగా నొక్కాలి. బీడీ మూతి మలిచే వేళ్ళకు ఇది ఒక పూట పని. ఒక్క విషయంలోనే వాళ్ళు తడబడ్డారు. ఆకుకు తడి కావాలి, తడిగుడ్డలో చుట్టి మెత్తబరచనిదే అది లొంగదు. అట్టకు తడి పడదు. జిగురు ఎక్కువైనా, ముసురు పట్టిన రోజుల్లో నేలమీద పెట్టినా వంకర తిరుగుతుంది. వాళ్ళు అలవాటుకొద్దీ వేళ్ళు తడుపుకుంటూనే ఉన్నారు. షీట్లను మంచం మీద, పైన పలక పెట్టి ఉంచాలని తేల్చుకున్నాం.

"చెరుకు పిప్పితోటి కాయితం జేస్తరంట గద, మరి మన బోధన్ల ఎందుకు జెయ్యలే?" అని ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. చక్కెర మిల్లు తన పిప్పిని తన బాయిలర్‌లోనే కాల్చుకుంటుంది. తమిళనాడులో 1984 నుంచి పిప్పితో కాగితం తీస్తున్న ప్రభుత్వ మిల్లు, చక్కెర మిల్లులకు బదులు ఇంధనం సమకూర్చి పిప్పి తెచ్చుకునే పద్ధతి పెట్టుకుంది. పిప్పి నార పొట్టిది, గట్టితనం కోసం పొడుగు నార గుజ్జు కొంత కలుపుతారు. మన దగ్గర శక్కర్‌నగర్ ఒకచోట, కాగజ్‌నగర్ ఒకచోట. చక్కెరా కాయితమూ ఊళ్ళ పేర్లయ్యాయి గాని ఒకదానికొకటి చుట్టాలు కాలేదు. కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు కూడా 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. "తెరిశిన్రా?" అని ఆమె ఆ ఒక్క మాట పట్టుకుని రెండుసార్లు అడిగింది.

డబ్బాలు బాగా వచ్చాయి. గొడవ కూలి దగ్గర మొదలైంది. దుకాణదారుడు డబ్బాకింత అన్నాడు. అట్ట తనే ఇస్తానన్నాడు. ఇచ్చిన అట్టలో సగం షీట్లకు గ్రెయిన్ ఒకలా, సగానికి ఇంకోలా ఉంది. చవకగా దొరికిన తుంపు ముక్కలు అవి. వాటిని వేరుచేయడానికే ఒక పూట పట్టింది. పలిగినవాటిని "డ్యామేజ్" అని లెక్కలోంచి తీసేశాడు. వేరుచేసిన పూటకు కూలి అడిగితే, "ఇంట్ల కూసోని టీవీ చూసుకుంట చేసే పనే గదమ్మా" అన్నాడు.

నాకు ఆ క్షణంలో అమ్మ చాట గుర్తొచ్చింది. బీడీకి వెయ్యికింత అని కూలి. ఆకు నానబెట్టడం, చెడ్డాకు ఏరడం, రేకుముక్క కొలత పెట్టి కత్తిరించడం ఆ వెయ్యిలో ఎక్కడా కనిపించవు. కంపెనీ ఇచ్చిన ఆకు నాసిదై వెయ్యికి చాలకపోతే అమ్మ తన పైసలతో ఆకు కొని పూర్తిచేసేది. ఏరడం అనే పనికి ధర లేదు, ఏరడంలో తప్పు జరిగితే మాత్రం ధర ఉంది, అది ఆమే కట్టాలి. ముక్కకూలి అంటే కూలివాళ్ళ చేతిలో చివరి నిమిషాన్ని మాత్రమే కొనడం. మన పరిశోధనల్లో కూడా బీడీ చుట్టే స్త్రీలకు రోజుకు ఎన్ని బీడీలో లెక్క ఉంటుంది, ఎన్ని ఆకులు పారేశారో ఉండదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగా గుర్తించింది. డబ్బాలు మడిచే వాళ్ళకు ఆ పేరు కూడా లేదు. ఇంటి దగ్గర పనిచేసేవారి మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు.

పెద్దామె ఒక రాత్రి మనవరాలి చేత నోట్‌బుక్ కాగితం మీద రాయించింది. ఏరుడుకు ఇంత, కోసుడుకు ఇంత, గీత కొట్టుడుకు ఇంత, మలుసుడు అతికిచ్చుడుకు ఇంత. కింద ఇంకో మాట: అట్ట మీరు తెస్తే పలిగినది మీ లెక్క, మేము ఏరి తెస్తే మా లెక్క. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

దుకాణదారుడు కాగితం చదివి నవ్వాడు. గీత కొట్టుడుకు ఒప్పుకున్నాడు, ఏరుడుకు ఒప్పుకోలేదు. "చూసుడుకు పైసలేందమ్మా?" దసరాకు నాలుగువందల డబ్బాల ఆర్డరు మధ్యలో ఉంది. ఇద్దరు తగ్గుదామన్నారు, నలుగురు వద్దన్నారు. పెద్దామె ఏమీ అనలేదు. ఆయన గల్లామీదున్న కట్టలోంచి ఒక షీటు లాగి, రెండు వైపులా వంచి, పక్కన పెట్టింది. ఇంకోటి లాగింది, దాన్ని వేరే పక్కన పెట్టింది. పదో షీటు దాకా ఆయన చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత కుర్రాడిని పిలిచి లోపలి గదిలోంచి సరైన అట్ట కట్ట తెప్పించాడు. ఏరుడు కూలి సంగతి వచ్చే నెల మాట్లాడుదామన్నాడు. ఆ కట్ట తలా ఇంత పంచుకుని ఐదున్నర బస్సుకు బయల్దేరారు.