లావు ఊలు, మొండి దబ్బనం

బనవాసి నవోదయలో తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లల్లో కొందరు ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పోయి చదవాలి. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. తొంభైల చివర్లో ఆ జాబితాలో మా అన్న పేరొచ్చింది. మా పత్తికొండలో చలంటే డిసెంబరు తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కోవడమే. ఉత్తరాది చలి ఎట్లుంటుందో మా ఇంట్లో ఎవరూ చూసినవాళ్లు కారు. అమ్మ కర్నూలు నుంచి నీలం రంగు ఊలు, అందులోనూ బాగా లావుది తెప్పించింది.

జూన్ ఉక్కలో, ఫ్యాను కింద, ఆ ఊలు ఒళ్లో పెట్టుకుని అల్లింది. చెమట చేతులకు పోగు అతుక్కునేది. వెనక భాగం, ముందు భాగం, రెండు చేతులు, మొత్తం నాలుగు ముక్కలు. వాటిని తడిపి, నీడలో మంచం మీద కొలతకు సర్ది ఆరబెట్టింది. చిక్కంతా కలిపి కుట్టడంలో వచ్చింది. రవికె కుట్టినట్టు అంచులు రెండూ కలిపి కుడితే చంక కింద వేలెడు లావు గట్టు లేచింది.

ఎదురింట్లో ఒక కురుబ అవ్వ ఉండేది. ఒకప్పుడు వాళ్లింట్లో కంబళ్లు నేసేవాళ్లు. ఊలు గొర్రెలు తగ్గి, మాంసానికి పెంచే నెల్లూరు గొర్రెలు మందల్లో చేరాక మగ్గం గుంత పూడ్చేశారు. చింతగింజల గంజి పెట్టిన పాత కంబళి ఒకటి మాత్రం మిగిలింది. రెండు పట్టాలు కలిపి కుట్టినదది. ఆ కుట్టెక్కడుందో వేలితో తడిమి వెతుక్కోవాల్సిందే.

అవ్వ అమ్మ కుట్టింది చూసి, "అంచు మింద అంచు ఎక్కియ్యద్దు పాపా. పక్కపక్కన పండబెట్టు. గట్టిగా గుంజద్దు. ఊలు సాగేది, కుట్టు గూడా సాగల్ల," అంది.

నాయన శనక్కాయల సంచులు కుట్టే దబ్బనం తెచ్చిచ్చాడు. దాని మొన పోగును చీల్చేస్తోందని అమ్మ సానరాయి మీద రుద్ది మొండి చేసింది. అదే ఊలును విప్పదీసి సగం పోగులే దబ్బనంలోకి ఎక్కించింది. ముందు భుజాలు కలిపింది. తర్వాత చెయ్యి పైకొస నడిమధ్యను భుజం కుట్టుకు ఆనించి, అక్కడి నుంచి అటూ ఇటూ దిగింది. చివరికి నడుము పట్టీ నుంచి చంక దాకా, చంక నుంచి మణికట్టు దాకా ఒకే దారంతో పోయింది.

అల్లికలో అంచు కుట్టుకూ దాని పక్క కుట్టుకూ నడుమ నిచ్చెన మెట్ల మాదిరి అడ్డపోగులుంటాయి. ఈ ముక్కలో ఒక మెట్టు, ఆ ముక్కలో ఒక మెట్టు ఎత్తుకుంటూ పోయి, కొంత దూరం కుట్టాక దారం మెల్లగా లాగితే రెండంచులూ లోపలికి మడుచుకుని కలిసిపోయేవి. వరసలు తప్పకుండా పదేసి వరసలకు ఒక ఎర్రదారం కట్టి పెట్టింది. లెక్క చదివే పని నాది.

కుట్టడం అయ్యాక దారం కొస కత్తిరించబోతుంటే అవ్వ ఆపింది. "కొస దాచిపెట్టు గానీ, యాడుండాదో నీకు తెలియల్ల. పిల్లోడు ఎదిగితే యిప్పల్ల గదా."

అన్న ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. మూతి మీద నూనూగు మీసం, నోటినిండా హిందీ. స్వెటర్ చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. పత్తికొండలో అతనికి దాంతో పనేమీ లేదు. ఆ మేలో అమ్మ కొసలు వెతికి పట్టుకుంది. పక్క కుట్లు ఎక్కడా తెగకుండా ఊడొచ్చాయి. మిగిలిన ఉండతో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు అల్లి రెండు పక్కలా అతికింది. ఊలు చాలక చేతులు ఊడదీసి పక్కన పెట్టేసింది. చలికాలంలో టమాటా మార్కెట్‌కు తెల్లారకముందే పోయే నాయన ఆ చేతుల్లేని స్వెటర్‌ను చొక్కా మీద తొడుక్కుని చాలా ఏళ్లు తిరిగాడు. అల్లిందంతా అమ్మ గొప్పే అని ఊళ్లో అనేవాళ్లు. కుట్టు సంగతి ఎవరికీ తెలియదు, అది బయటికి కనపడలేదు గనక.