నాన్న బరువు లెక్క

ధాన్యం కాటాలో కిలో తేడా వస్తే ఊరుకోం కదా. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే అక్కడా అదే లెక్క కావాలి.

గుండె బలహీనపడితే ఒంట్లో నీరు చేరుతుంది. చాలాసార్లు ఆయాసం రాకముందే బరువు పెరుగుతుంది. అందుకే మా నాన్నను రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు కాటా ఎక్కిస్తాం. అంకె నోటుబుక్కులో రాసి డాక్టరుగారికి వాట్సాప్ చేస్తాం.

మొన్న వరికోతలప్పుడు 3 రోజుల్లో 2 కిలోలు పెరిగాడు. "నాకేం కాలేదురా, ముందు కోత కానీయండి" అన్నాడు. అంకె చూసి డాక్టరుగారే ఫోన్ చేసి, నీరు పోయే మాత్ర డోసు మార్చారు. వారంలో బరువు దిగింది, ఆస్పత్రిలో చేరే పని పడలేదు.

మాత్ర మనంతట మనం మార్చకూడదు. పడుకుంటే ఊపిరాడకపోతే మాత్రం కాటా కోసం ఆగొద్దు, 108కి చేయండి.