మీరు పోయినంక ఎవర్ని అడగాలె?

ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ వాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఒకసారి వినండి. "ప్రాజెక్ట్ ఎక్కడ తీసుకున్నావ్?" అని అడుగుతారు. "ఏం చేశావ్?" అని అడిగేవాళ్లు తక్కువ. తీసుకోవడం అంటే అమీర్‌పేట అన్నమాట. మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్యే ప్రాజెక్ట్ సెంటర్ల బోర్డులూ వేలాడుతుంటాయి. టైటిల్ ఎంచుకుంటే చాలు. కోడ్, డాక్యుమెంట్, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు కూడా పెన్‌డ్రైవ్‌లో వచ్చేస్తాయి. 2018లో మా బ్యాచ్‌లో చాలామంది అదే దారి పట్టారు. వాళ్లని తప్పు పట్టలేను. ప్లేస్‌మెంట్ పరీక్షలు ఒకపక్క, బ్యాక్‌లాగ్‌లు ఇంకోపక్క. పైగా ఆ ప్రాజెక్టుని వాడేవాడు ఎవడూ లేడు. వైవా అయిపోగానే అది బైండింగ్‌తో సహా డిపార్ట్‌మెంట్ బీరువాలోకి పోతుంది.

మేం నలుగురం మాత్రం మా గల్లీ చివరి వాటర్ ప్లాంట్‌కి యాప్ చేశాం. ఏదో ఆదర్శంతో కాదు. ప్లాంట్ అన్న ఒకరోజు మా ఇంటి ముందు క్యాన్ దించుతూ, "సాఫ్ట్‌వేరే చదువుతున్నవ్ గదా తమ్మీ, నా లెక్కలకు ఏదన్న చెయ్యరాదు?" అన్నాడు. మాకూ టైటిల్ దొరకలేదు. అంతే.

బడంగ్‌పేట్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం టీవీలో చూసే ఉంటారు కదా, దానికి పక్కనే మా ఊరు. అటు నాదర్‌గుల్, ఇటు మీర్‌పేట్. ఖాళీ ప్లాట్లు కళ్ల ముందే కాలనీలయ్యాయి. మేం ప్రాజెక్ట్ చేస్తున్నప్పుడు ఇంకా మున్సిపాలిటీనే, 2020 జనవరి ఎన్నికల నాటికి కార్పొరేషన్ అయింది. ఇళ్లొచ్చినంత వేగంగా మంచినీళ్లు రాలేదు. అందుకే గల్లీకో ఆర్వో ప్లాంట్, ప్రతి గేటు దగ్గరా ఇరవై లీటర్ల క్యాన్.

క్లాసులో మాకు నేర్పిన పద్ధతి ప్రకారం ముందు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాయాలి. క్లయింట్‌ని కూర్చోబెట్టి "మీకేం కావాలి?" అని అడగాలి. అన్నని అడిగితే "లెక్క గావాలె" అన్నాడు. డాక్యుమెంట్‌లో ఆ ఒక్క ముక్కే రాయలేం కదా. అందుకని మూడు ఆదివారాలు ఆయన ట్రాలీ ఆటో వెనక క్యాన్ల మధ్య కూర్చుని ఇల్లిల్లూ తిరిగాం. నేను ఇంజినీరింగ్‌లో నేర్చుకున్నదాంట్లో పెద్ద భాగం ఆ ఆటోలోనే.

మొదట తెలిసిన సంగతి, ఆయన బాధ డబ్బుల గురించి కాదు. నెల కాగానే డబ్బులు ఎలాగో వచ్చేస్తాయి. రానివి ఖాళీ క్యాన్లు. ఒక ఇంట్లో మూడు ఉండిపోతాయి. ఒకాయన వేరే ప్లాంట్ క్యాన్ తెచ్చి ఇదే మీదంటాడు. ఫంక్షన్‌కి నలభై పోతే ముప్పై ఏడు తిరిగొస్తాయి. ఇల్లు ఖాళీ చేసిన కిరాయిదారు సామాన్లతో పాటు క్యాన్ కూడా పట్టుకుపోతాడు. కొత్త క్యాన్ కొనాలంటే ఎన్ని క్యాన్ల నీళ్లు అమ్మాలో అన్న నోటితోనే లెక్కేసి చెప్పాడు. అంటే మా యాప్‌లో ముఖ్యమైన అంకె రూపాయి కాదు, ఆ ఇంట్లో మన క్యాన్లు ఎన్ని ఉన్నాయన్నది.

రెండోది, అడ్రస్. పుస్తకంలో ఒక్క ఇంటి నంబరూ లేదు. "నల్ల కుక్క ఇల్లు", "మూడో అంతస్తు టీచరమ్మ", "వేపచెట్టు ఎదురుంగ", "గొడవ సార్". గొడవ సార్ ఎవరో నాకు తెలుసు, చెప్పను. కొత్త కాలనీల్లో ప్లాట్ నంబరు ఒకటి, గేటు మీద రాసింది ఇంకొకటి. కాబట్టి అన్న పద్ధతే సరైనది. మేం అడ్రస్ అనే గడి తీసేసి దానికి "గుర్తు" అని పేరు పెట్టాం. డెలివరీ కుర్రాడు ఒడిశా నుంచి వచ్చినవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అతని కోసం ప్రతి గుర్తు పక్కన గేటు ఫోటో పెడదామనుకున్నాం.

అక్కడే మా టీమ్‌లో అమ్మాయి బ్రేక్ వేసింది. పుస్తకంలో కొన్ని పేజీల మీద వేలు పెట్టి చూపించింది. "ఊరికి పోయిండ్రు, పది రోజులు వద్దు." "పండగ దాకా బంద్." తను అన్నది ఇదీ: "ఇది నీళ్ల లెక్క కాదురా. ఏ ఇంటికి ఎప్పుడు తాళం ఉంటదో చెప్పే లిస్టు. గేటు ఫోటోతో సహా మన నలుగురి ల్యాప్‌టాప్‌ల్లో పెట్టుకుంటామా?"

ఎవరం మాట్లాడలేదు. పుస్తకంలో ఉన్నన్నాళ్లూ ఆ సమాచారం అన్న గల్లాపెట్టె దాటలేదు. మేం దాన్ని ఫ్రీ క్లౌడ్‌లో పెడితే పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడి చేతికీ వస్తుంది. అందుకని డేటా అంతా అన్న ఫోన్‌లోనే ఉండాలని తీర్మానించాం. ఇంటర్నెట్‌తో పని లేదు, సర్వర్ లేదు. ఫోటోల బదులు కుక్క, చెట్టు, గుడి లాంటి బొమ్మలు పెట్టాం. మా టెస్టింగ్ అంతా దొంగ పేర్లతోనే.

రివ్యూలో దీనికి మార్కులు పడలేదు, సరికదా చీవాట్లు పడ్డాయి. "రియల్ క్లయింట్ అంటున్నారు, రియల్ డేటా ఏది?" అన్నారు ఒక సార్. ఇంకొకాయన "క్లౌడ్ లేదు, మెషీన్ లెర్నింగ్ లేదు. ఇందులో కొత్తదనం ఏముంది? బ్లాక్‌చెయిన్ ఏమన్నా యాడ్ చేయండి" అన్నారు. నీళ్ల క్యాన్‌కి బ్లాక్‌చెయిన్! ఆ సంవత్సరం గాలి అలా ఉండేది, ఇప్పుడైతే ఏఐ పెట్టమనేవారు. తాళం వేసిన ఇళ్ల సంగతి ఆ అమ్మాయే లేచి వివరించింది. గది కాసేపు నిశ్శబ్దమైంది. తర్వాత యథాప్రకారం యూఎంఎల్ డయాగ్రమ్‌లో బాణం గుర్తుల మీద చర్చ మొదలైంది.

బయటి మనుషులకి పనికొచ్చే ప్రాజెక్టుల్ని చదువులో భాగం చేసిన చోట్లు లేకపోలేదు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో డాస్ అని పిలిచే కోర్సు ఉంది, పూర్తి పేరు డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్. అందులో విద్యార్థులు టీములుగా విడిపోయి నిజమైన క్లయింట్‌కి పని చేసిపెట్టాలి. దేశం మొత్తానికి చూస్తే 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఉంది. మంత్రిత్వ శాఖలు తమ సమస్యలు ఇస్తాయి, ఆరుగురి టీమ్, అందులో కనీసం ఒక అమ్మాయి, సాఫ్ట్‌వేర్ విభాగమైతే ముప్పై ఆరు గంటల ఫైనల్. మా జూనియర్లు వెళ్లొచ్చారు, కళ్లు ఎర్రగా, మొహాలు వెలిగిపోతూ. హ్యాకథాన్ మంచిదే. కానీ ముప్పై ఆరు గంటల్లో ట్రాలీ ఆటో ఎక్కే టైమ్ ఉండదు.

అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ 1995లోనే ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి టీములు చుట్టుపక్కల సేవాసంస్థలకి, స్కూళ్లకి పని చేస్తాయి. నాకు నచ్చింది దాని ఏర్పాటు. ఒకే టీమ్‌లో ఫస్ట్ ఇయర్ వాళ్లూ, ఫైనల్ ఇయర్ వాళ్లూ కలిసి ఉంటారు, ప్రాజెక్ట్ సెమిస్టర్ల తరబడి నడుస్తుంది. సీనియర్లు డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయినా క్లయింట్ ఫోన్ ఎత్తేవాళ్లు ఉంటారు.

మాకు ఆ ఏర్పాటు లేదు. 2019 మార్చిలో యాప్ పూర్తిగా చూపించినప్పుడు అన్న బటన్లన్నీ నొక్కి చూశాడు, సంతోషపడ్డాడు, చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అంత మంచిగనే ఉంది తమ్మీ. గని రేపు మీకు నౌకర్లొస్తయ్. ఒకలు బెంగళూరు పోతరు, ఒకలు పుణె. ఇది ఆగిపోతే మీరు పోయినంక ఎవర్ని అడగాలె? నా పుస్తకమైతే నా దగ్గరనే ఉంటది."

అంతకుముందు ఏ రివ్యూలోనూ, ఏ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నోటా ఈ ప్రశ్న రాలేదు. వైవాకి ఇంకా నెల ఉంది. మా వాళ్లలో ఒకడు "మన పని అయిపోయింది కదరా" అన్నాడు. వాడన్నదీ నిజమే, మార్కుల లెక్కన చూస్తే అయిపోయినట్టే. అయినా ఆ నెలంతా యాప్‌కి కొత్తగా ఏమీ చేర్చలేదు, దాన్ని వదిలించుకునే దారి ఒకటి కట్టాం. ప్రతి నెలా ఒకటో తారీకున యాప్ అన్నీ ఒక పీడీఎఫ్‌గా తయారుచేస్తుంది. ఎడమపక్క గుర్తు, దాని పక్కన ఇచ్చినవి, వాపసొచ్చినవి, ఇంట్లో ఉన్నవి, రావాల్సిన డబ్బు. సరిగ్గా ఆయన పుస్తకంలోని వరుసలే, అదే క్రమంలో. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని ఫైల్‌లో పెట్టుకోవాలి. యాప్ ఏ రోజు చచ్చిపోయినా, ఆ కాగితం కింది గీత నుంచి మళ్లీ పెన్నుతో మొదలుపెట్టొచ్చు. ఊరికి పోయినవాళ్ల వివరం మాత్రం ప్రింట్‌లో రాదు. అది మా అమ్మాయి షరతు.

ఇప్పుడు ఉద్యోగంలో మేం కస్టమర్‌కి సిస్టమ్ అప్పజెప్పేటప్పుడు హ్యాండోవర్, ఎగ్జిట్ ప్లాన్ అని పెద్ద పెద్ద డాక్యుమెంట్లు రాస్తాం. మీటింగ్‌లో ఆ మాట వినగానే నాకు జిరాక్స్ షాపు గుర్తొస్తుంది. చెప్తే నవ్వుతారని చెప్పను.

యాప్ దాదాపు రెండేళ్లు నడిచింది. మధ్యలో రెండుసార్లు అన్న ఫోన్ చేశాడు, ఒకసారి పుణెలో నా ట్రైనింగ్ క్లాస్ నడుస్తుండగానే. లాక్‌డౌన్‌లో ఫంక్షన్లు లేక నలభై క్యాన్ల ఆర్డర్లు ఆగిపోయాయి గానీ ఇళ్ల లెక్క ఆగలేదు. 2021లో ఆయన ఫోన్ పగిలింది. కొత్త ఫోన్‌లో మా యాప్ సరిగా ఎక్కలేదు, మేం నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం. అన్న ఎవరికోసమూ ఎదురుచూడలేదు. కిందటి నెల ప్రింట్ బయటికి తీసి, కొత్త పుస్తకం కొని, మొదటి పేజీలో గొడవ సార్ దగ్గర నుంచి రాసుకుంటూ వెళ్లాడు. నాకు ఈ సంగతి తెలిసేసరికి పది రోజులైంది, అదీ మా అమ్మ చెబితే.

ఈమధ్య ఇంటికెళ్లినప్పుడు ప్లాంట్ దగ్గర ఆగాను. డబ్బులకి ఏదో రెడీమేడ్ ఖాతా యాప్ వాడుతున్నాడు, గోడకి క్యూఆర్ కోడ్ అంటించాడు. ఖాళీ క్యాన్లకి మాత్రం పుస్తకమే. తెరిచి చూస్తే మా పీడీఎఫ్‌లో పెట్టిన గడులే స్కేలుతో గీసుకుని ఉన్నాయి. "ఇండ్ల ఉన్నయి" అనే గడి కింద ఎర్ర ఇంకు.

"మీ ఇంట్ల రెండున్నయ్ తమ్మీ," అన్నాడు. "అమ్మకు చెప్పు, పంపియ్యమని."